సమాధుల తోటలో పేరు లేని మన పెద్దలను వెతికి గుర్తు పెట్టడం

కోస్తాలోనైనా తెలంగాణలోనైనా, ఏ పల్లె సమాధుల తోటకు వెళ్ళినా పేరున్న రాళ్ళు కొన్నే కనబడతాయి. మిగతా నేలంతా మట్టిదిబ్బలు, గుంటలు, సర్కారు తుమ్మ. ఆ దిబ్బల కింద ఉన్నవాళ్ళు అనామకులు కారు. వాళ్ళు పోయిన రోజున ఊరు ఊరంతా వచ్చి తలా పిడికెడు మన్ను వేసింది. రాయికి డబ్బు లేక చెక్క సిలువ పాతితే కొన్ని వానాకాలాలకే చెదలు తినేశాయి. కాస్త కలిగినవాళ్ళు సిమెంటు దిమ్మె కట్టించి, తడి ఆరకముందే మేకుతో పేరు గీయించారు. ఏటా సమాధుల పండుగకు వేసే సున్నం పొరల కింద ఆ పేరూ పూడిపోయింది.

ఇప్పుడు మనవలు, మునిమనవలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చి రాయి వేయిస్తామంటున్నారు. మంచి పనే. కాని రాయి వేయడం సులువు, అది అబద్ధం చెప్పకుండా చూడడమే కష్టం. సరిగా తెలియని చోట నల్లరాయి పాతితే పక్కింటివాళ్ళ తాతను మన తాతను చేసినట్టే. రేపు వాళ్ళ పిల్లలు వెతుక్కుంటూ వస్తే ఆ చోటు మీద మన పేరు ఉంటుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం వెతకడం గురించే.

ముందు పేరు తేల్చుకోవాలి. మన క్రైస్తవ కుటుంబాల్లో చాలామంది ముత్తాతలకు రెండు పేర్లు. ఊళ్ళో పిలిచేది పోలయ్య, బాప్తిస్మమప్పుడు పెట్టింది ఏసోబు. ప్రభుత్వ కాగితాల్లో ఒకటి, చర్చి పుస్తకంలో ఒకటి ఉండడం మామూలే. మిషనరీలు ఇంగ్లీషులో రాసుకున్న చోట ఇంటిపేరు ఒక్కో పేజీలో ఒక్కో రకంగా కనబడుతుంది. ఆడవాళ్ళకైతే ఇంటిపేరే ఉండకపోవచ్చు, "ఫలానా వారి భార్య" అని మాత్రమే ఉంటుంది. కాబట్టి వెతికే ప్రతి మనిషికీ ఒక కాగితం పెట్టి, ఉన్న పేర్లన్నీ, భర్త లేదా భార్య పేరు, తోబుట్టువుల పేర్లు, పల్లెలో ఇల్లు ఎటువైపు ఉండేదో రాసుకోండి. రిజిస్టరులో మనిషిని పట్టించేది తరచు ఆ పక్క పేర్లే.

తర్వాత ఆ ఊరు ఏ మిషన్ కిందిదో తెలుసుకోవాలి. గుంటూరు, పల్నాడు, రాజమండ్రి ప్రాంతాల్లో లూథరన్లు. నెల్లూరు, ఒంగోలు, నల్గొండ, హనుమకొండల్లో అమెరికన్ బాప్తిస్టులు. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడియన్ బాప్తిస్టులు. బందరు వైపు ఆంగ్లికన్ల సి.ఎం.ఎస్. (చర్చి మిషనరీ సొసైటీ); మెదక్, కరీంనగర్, నిజామాబాదుల్లో వెస్లియన్ మెథడిస్టులు; కడపలో లండన్ మిషన్; నర్సాపురం డెల్టాలో బ్రదరన్. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు వీటిలో ఆంగ్లికన్, మెథడిస్టు, లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. అంటే ఇప్పుడు సి.ఎస్.ఐ. అని బోర్డున్న చర్చిలో 1947కు ముందటి పుస్తకం వేరే మిషన్ పేరుతో, వేరే పద్ధతిలో ఉంటుంది.

అసలు పుస్తకం మీ ఊళ్ళో ఉండకపోవచ్చు. కతోలికుల్లో అది విచారణ (పారిష్) కేంద్రంలో ఉంటుంది, చిన్న ఊళ్ళ చర్చిలన్నీ ఆ కేంద్రం కిందికే వస్తాయి. ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానం, వివాహం, మరణం పుస్తకాలు ఉండాలని వాళ్ళ చర్చి చట్టమే చెబుతుంది కాబట్టి వెతకడానికి ఇవి మేలైనవి. సి.ఎస్.ఐ.లో పాస్టరేటు, అంటే ఒక పాస్టరు కింది ఊళ్ళన్నిటి, కేంద్రంలో అడగాలి. బాప్తిస్టు సంఘాల్లో భూస్థాపన పుస్తకం విడిగా లేకపోతే సభ్యుల పట్టీ అడగండి. పేరు కొట్టేసి పక్కన తేదీ వేసి ఉంటే అది చాలు. అయ్యగారినో ఫాదరుగారినో కలిసేటప్పుడు "అంతా చూపించండి" అనకుండా, ఒక పేరు, అయిదేళ్ళ వ్యవధి చెప్పి అడగండి. ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చా అని ముందే అడగండి. తీస్తే మీ పంక్తి ఒక్కటే కాకుండా పేజీ మొత్తం తీయండి. దాని పైన, కింద ఎవరున్నారన్నది తర్వాత చాలా పనికొస్తుంది.

ప్రభుత్వ లెక్కకు వస్తే, జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ఇప్పుడు పల్లెల్లో ఆ పని పంచాయతీ కార్యదర్శిది. ముందటి కాలానికి గ్రామ మునసబు, కరణం రాసిన పుస్తకాలే దిక్కు. 1984లో ఆ పదవులు రద్దయినప్పుడు చాలాచోట్ల పుస్తకాలు చెదిరిపోయాయి. మిగిలి ఉంటే తహశీల్దారు కార్యాలయం రికార్డు గదిలో ఉంటాయి. ఈ పుస్తకాలు మరణ తేదీ చెబుతాయి, సమాధి ఎక్కడో చెప్పవు. చర్చి రిజిస్టరూ దాదాపు అంతే. అయినా తేదీ లేకుండా తోటలో అడుగు పెట్టడం వృథా. ఎందుకో కింద చెబుతాను.

తేదీ ఎక్కడా దొరక్కపోతే పెద్దవాళ్ళ జ్ఞాపకం నుంచి రాబట్టాలి. "ఏ సంవత్సరంలో పోయారు అమ్మమ్మా?" అంటే ఆమె చెప్పలేదు. "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" అంటే చప్పున చెబుతుంది. అది 1977 నవంబరు 19. తెలంగాణలో అయితే రజాకార్ల కాలం, పోలీస్ యాక్షన్, అంటే 1948 సెప్టెంబరు. గోదావరి ఒడ్డున 1953, 1986 పెద్ద వరదలు. కోనసీమలో 1996 నవంబరు తుఫాను. అప్పుడు ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నారు, ఎవరికి పెళ్ళయింది, ఎవరు బడికి వెళ్తున్నారు అని అడుగుతూ పోతే ఏడాదిలోపు తేడాకు దించవచ్చు. నెల తెలియాలంటే పొలంలో ఏ పని జరుగుతోందో అడగండి. నాట్లా, కోతలా, మిరపకాయల కోతా అన్నది మరిచిపోరు.

పాత రాళ్ళ మీద, కాగితాల మీద మరో రెండు లెక్కలు ఎదురవుతాయి. తెలుగు సంవత్సరం పేరుంటే ప్రభవ 1867, 1927, 1987ల్లో మొదలైందని గుర్తుంచుకుని లెక్కించండి. ధాత 1876, కరువు ఏడాది. కాళయుక్తి 1918, ఇన్‌ఫ్లూయెంజా ఏడాది. ఏడాది ఉగాదికి మారుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లో పోయినవాళ్ళు వెనకటి పేరు కిందికే వస్తారు. ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలపండి, జనవరి నుంచి మిగతా నెలలకు 591. ఫసలీ 1357 అంటే 1947-48. తెలుగు అంకెలుంటే ౨, ౩ అరిగిపోయి ఒకదానికొకటి పొరబడతాయి, వెలుతురు మార్చి రెండుసార్లు చూడండి.

తోట హద్దులు కూడా కాగితం మీద చూసుకోవాలి. ఆంధ్రలో గ్రామ ఎఫ్.ఎం.బి. (కొలతల పటాల పుస్తకం), ఆర్.ఎస్.ఆర్. (సర్వే నంబర్ల రిజిస్టరు); తెలంగాణలో సేత్వార్ (సర్వే నంబర్ల పట్టీ), టీపన్ (కొలతల పటం), గ్రామ నక్షా (ఊరి పటం). ఇప్పుడు కంచె ఉన్నంత మేరే పాత తోట అనుకోవద్దు. రోడ్డు వెడల్పులో, కాలువ గట్టులో, పక్క చేనులో కొంత కలిసిపోయి ఉండవచ్చు. రికార్డులో శ్మశానం పోరంబోకు ఎకరం ఉండి, నేల మీద అరవై సెంట్లే ఉంటే మీరు వెతికే సమాధి కంచె అవతల ఉండే వీలుంది. అప్పుడు సంఘం తరఫున ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టి సర్వేయరుతో హద్దులు కొలిపించాలి. ఒక్క కుటుంబం ఒంటరిగా పెడితే అది పక్క రైతుతో తగాదాగా మారుతుంది. ఊరే నాగార్జునసాగర్ లాంటి ప్రాజెక్టు నీళ్ళలో మునిగి ఉంటే ఇక నేల మీద వెతకడానికి లేదు. గుర్తు కొత్త ఊరి తోటలో పెట్టుకోవాల్సిందే.

నేలను చదవడం

తోటకు వెళ్ళడానికి అన్నిటికన్నా మంచి రోజు సమాధుల పండుగే. కొన్నిచోట్ల అది నవంబరు 2, కొన్నిచోట్ల ఈస్టరు తెల్లవారుజాము. ఎవరి పెద్దలు ఎక్కడున్నారో తెలిసినవాళ్ళంతా ఆ రోజు ఆయా సమాధుల దగ్గరే కొవ్వొత్తులు వెలిగించి నిలబడి ఉంటారు. మీ సమాధి గురించి కాదు, వాళ్ళ సమాధుల గురించి అడగండి: ఇది ఎవరిది, ఎప్పటిది, దీని పక్కన అప్పటికే దిబ్బ ఉందా. అందరివీ పటంలో వేసుకుంటే ఎవరూ తమదని చెప్పనివి మిగులుతాయి. వెతకాల్సిన నేల సగానికి పైగా తగ్గిపోతుంది.

ఆ తర్వాత గోతులు తీసే కుటుంబాన్ని కలవండి. ఎక్కడ గడ్డపార వేస్తే ఎముకలు తగిలాయో, ఏ గుంట మళ్ళీ వాడారో వాళ్ళకే తెలుసు. పాత గుంటను కొన్నేళ్ళకు తిరిగి తవ్వి అదే ఇంటివాళ్ళను పెట్టడం పల్లెల్లో ఉన్నదే కాబట్టి ఒక దిబ్బ కింద ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు. వాళ్ళను తోటకు తీసుకెళ్తే ఆ రోజు కూలి ఇవ్వాలి. అది బహుమానం కాదు, పనికి కూలి.

శుభ్రం చేసేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. జేసీబీని లోపలికి రానివ్వకండి. పేదవాళ్ళ సమాధికి గుర్తు తల దగ్గర ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి, లేదా చుట్టూ నిలబెట్టిన ఇటుకలు. జేసీబీ బకెట్‌కు అది చెత్తే. సర్కారు తుమ్మను వేళ్ళతో పీకించకుండా నేలమట్టానికి కోయించండి, లేకపోతే వేరు ఇటుకలను పట్టుకుని పైకి వస్తుంది. నిప్పు అసలే పెట్టవద్దు, కడప బండ వేడికి పగిలి పొరలుగా లేస్తుంది. కనబడిన ఏ రాయినీ, చిన్నదైనా, పటంలో వేసేదాకా కదిలించవద్దు.

దిబ్బల దిక్కు చూడండి. క్రైస్తవ సమాధుల్లో తల పడమటికి, కాళ్ళు తూర్పుకు ఉండడం పాత పద్ధతి. పునరుత్థాన దినాన తూర్పు ముఖంగా లేస్తారని నమ్మిక. మన దేశంలో ముస్లింల ఖబర్లు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, ముఖం పడమట ఖిబ్లా వైపు. లింగాయతులు, జంగాలు కూర్చోబెట్టి పూడుస్తారు కనుక గుంట పొడవుగా కాక చదరంగా ఉంటుంది. ఊరుమ్మడి శ్మశానంలో తూర్పు పడమరల వరుసల పక్కనే ఉత్తర దక్షిణాల దిబ్బలు ఉంటే అవి మీ కుటుంబంలోనే మతం మారకముందటి తరానివి కావచ్చు. పెద్దవాళ్ళ గుంట ఆరు ఏడు అడుగుల పొడవు, రెండున్నర మూడడుగుల వెడల్పు. మూడు నాలుగు అడుగులదైతే పిల్లలది. పసిపిల్లల సమాధులు తరచు ఒక మూలన కలిసి ఉంటాయి. వాటి మీద అసలు ఎవరూ గుర్తు పెట్టి ఉండరు, వెతకడంలో వాళ్ళనూ లెక్కలోకి తీసుకోండి.

పాత గుంట మట్టి కుంగి ఉంటుంది కాబట్టి వాన వెలిసిన మరునాడు నీళ్ళు నిలిచిన చోట్లు, తర్వాత గడ్డి పచ్చగా దట్టంగా మొలిచిన చోట్లు గమనించండి. పొద్దున్నే లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు మధ్యాహ్నం కనబడని పల్లాలు కనబడతాయి. ఎర్రనేలల్లో ఈ గుర్తులు పదుల ఏళ్ళు నిలుస్తాయి. నల్లరేగడిలో నిలవవు. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చి తనను తానే కలుపుకుంటుంది, చిన్న రాళ్ళను కూడా మింగేస్తుంది. అక్కడ పైన ఏమీ కనబడలేదంటే కింద ఏమీ లేదని కాదు.

ఇనుప ఊచతో పొడిచి చూడడం కొందరు చేస్తారు. నిజంగా అవసరమైతేనే, సంఘ పెద్దలు ఒప్పుకుంటేనే. పది మిల్లీమీటర్ల నున్నటి ఊచ, మొన మొద్దుగా ఉండాలి. అడుగుకొక చోట నిలువునా దించుతూ, రెండడుగుల లోతుకు ఆపేయాలి. తవ్వి పూడ్చిన మట్టిలో అది సులువుగా దిగుతుంది, పక్కన తవ్వని నేలలో మొరం తగిలి ఆగుతుంది. తేడాయే గుర్తు కాబట్టి పది అడుగుల అవతల తవ్వని చోట ముందు పొడిచి చూసుకోండి. డెల్టా ఇసుకలో అంతటా దిగిపోతుంది, ఎండిన రేగడిలో ఎక్కడా దిగదు, రెండుచోట్లా ఈ పద్ధతి దండగ. గడ్డపారతో తవ్వి చూద్దామన్న మాట మాత్రం రానివ్వవద్దు. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా సమాధి తవ్వడం నేరం, అంతకన్నా ముందు అక్కడున్నవాళ్ళ పట్ల అపచారం.

గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ గురించి చాలామంది అడుగుతారు. పొడి ఇసుక నేలల్లో బాగా పనిచేస్తుంది. బంకమట్టి, నల్లరేగడి, ఉప్పునేలల్లో తరంగాలు లోతుకు పోకముందే ఇంకిపోతాయి. పనిచేసిన చోట కూడా కదిలిన మట్టి ఎక్కడుందో చూపిస్తుంది, అందులో ఎవరున్నారో చెప్పదు. పదిమంది కలిసి తోట మొత్తానికి చేయించుకుంటే అర్థముంది, ఒక్క సమాధికి డబ్బు వృథా.

మనిషిని చెప్పేది ఇరుగుపొరుగు. తేదీ ఉండాలన్నది ఇందుకే. చాలా తోటలు ఒక వైపు నుంచి నిండుతూ వస్తాయి. తేదీ ఉన్న రాళ్ళన్నీ పటంలో వేస్తే ఏ దశాబ్దంలో ఏ వరుస నిండిందో కనబడుతుంది. దాని పక్కన రిజిస్టరు పేజీ పెట్టండి. మీ నాయనమ్మకు ముందు పోయినవారి రాయి, తర్వాత పోయినవారి రాయి ఒకే వరుసలో ఉండి, మధ్యన పేరు లేని దిబ్బ ఒక్కటే ఉంటే అది దాదాపు తేలినట్టే. దిబ్బలు మూడుంటే రిజిస్టరులో ఆ మధ్యన ఎందరున్నారో చూడాలి. కుటుంబాల వారీగా స్థలం పంచుకున్న తోటల్లో ఈ లెక్క పనిచేయదు. అక్కడ మీ వాళ్ళ తెలిసిన సమాధి చుట్టూనే వెతకాలి. ఇంట్లో శవపేటిక చుట్టూ బంధువులు నిలబడిన పాత ఫొటో ఉంటే తెచ్చుకోండి. వెనక కనబడే చర్చి గోపురం, కొండ అంచు ఒకదాని మీదికి ఒకటి వచ్చేదాకా మీరు జరుగుతూ పోతే ఫొటో తీసిన చోటు దొరుకుతుంది. తాటిచెట్లను నమ్మవద్దు, చాలా వరకు కొట్టేసి ఉంటారు.

సున్నం పొరల కింద పేరుందనిపిస్తే నీళ్ళతో తడిపి, వెదురు పుల్లతో మెల్లగా గీయండి. వైరు బ్రష్షు, ఉలి, బాత్‌రూం యాసిడ్ వద్దు. కడప బండ, పాలరాయి రెండూ సున్నపు జాతి రాళ్ళు, యాసిడ్ పడితే అక్షరమే కరుగుతుంది. పొరలు తీశాక రాత్రిపూట టార్చి పక్క నుంచి వేసి ఫొటో తీస్తే పగలు చదవలేని అక్షరాలు చదవగలరు.

రాయి వేయడం

ఫోన్‌లో జీపీఎస్ పాయింటు పెట్టుకుంటే చాలనుకోవద్దు. అది మూడు నాలుగు మీటర్లు తప్పుతుంది, ఆ దూరంలో నాలుగు సమాధులు పడతాయి. టేపుతో రెండు కదలని చోట్ల నుంచి, అంటే గేటు స్తంభం, చర్చి మూల లాంటి వాటి నుంచి, సమాధి తల దగ్గరికి దూరం కొలిచి సెంటీమీటర్లతో రాయండి. ఆ రెండూ మీకు ఒకే దిక్కున ఉంటే కొలత తప్పుతుంది, దాదాపు లంబకోణంలో ఉన్నవి ఎంచుకోండి. మూడో చోటు నుంచి కూడా కొలిస్తే పొరపాటు బయటపడుతుంది.

తర్వాత నిజాయితీగా మూడు రకాలుగా విడదీయండి. చోటు ఖాయమైతే సమాధి తల దగ్గర పేరుతో రాయి. వరుస మాత్రమే ఖాయమైతే ఆ వరుస మొదట్లో రాయి వేసి "ఈ వరుసలో భూస్థాపన చేయబడిరి" అని రాయించండి. తోట మాత్రమే తెలిస్తే ప్రహరీ గోడకు పలక బిగించి "ఈ తోటలో" అని రాయించండి. ఆ మూడోది తక్కువదేమీ కాదు. ఒకే పలక మీద నాలుగు తరాల పేర్లు వేయవచ్చు, పిల్లలు వచ్చి చదువుతారు. ఉప్పెనలో పోయి సామూహికంగా పూడ్చినవారికైతే ఇదొక్కటే దారి.

సంఘం కమిటీ లేదా పంచాయతీ అనుమతి కాగితం మీద తీసుకోండి. కొలతలు అందులో ఉండాలి. సమాధి మొత్తం కప్పేలా దిమ్మె కడతామంటే చాలా కమిటీలు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడమే న్యాయం. చోటు లేని తోటల్లో అది రేపు పోయేవాళ్ళ నేల.

గ్రానైటు ఎంచుకోండి. చీమకుర్తి, కరీంనగర్, ఖమ్మం రాయి ఎక్కడైనా దొరుకుతుంది. కడప బండ చవకే గాని పొరలు లేస్తుంది, పాలరాయి మీద అక్షరాలు వానకు అరుగుతాయి. నిలబెట్టే రాయి కనీసం రెండంగుళాల మందం ఉండాలి, పొడవులో మూడో వంతు నేలలోకి పోవాలి. వంటింటి గట్టుకు వాడే పలక నిలబెడితే పశువు రుద్దుకున్నా విరుగుతుంది. పడుకోబెట్టే పలక అయితే తొమ్మిది అంగుళాలకు మించి తవ్వకుండా, అయిదు అంగుళాలు మొరం వేసి తడిపి దిమ్మిస కొట్టి, పైన నాలుగు అంగుళాల కాంక్రీటు, సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్ళలో. వారం రోజులు నీళ్ళు పోయాలి. నల్లరేగడిలో మొరం వేయకపోతే రెండో వానాకాలానికే రాయి ఒరుగుతుంది. పీఠానికి రాయిని బిగించే పిన్ను స్టెయిన్‌లెస్ స్టీలుది వాడమనండి, మామూలు ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది.

అక్షరాల దగ్గర తెలుగుకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. రాయి చెక్కేవాళ్ళ దగ్గర కంప్యూటర్లో చాలావరకు అను ఫాంట్లే ఉంటాయి. మీరు వాట్సాప్‌లో పంపింది యూనికోడ్. అది అందులోకి మారేటప్పుడు వత్తులు ఊడిపోతాయి, సున్నాలు ఎగిరిపోతాయి, లేదా వాళ్ళు చూసి టైపు చేసేటప్పుడు ఇంటిపేరు మారిపోతుంది. రాయి సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించి, ఇంట్లో ఇద్దరు వేర్వేరుగా చదివి సంతకం పెట్టాకే చెక్కమనండి. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గితే వత్తు, గుడి కలిసిపోయి పూడతాయి. లోతు కనీసం మూడు మిల్లీమీటర్లు ఉండాలి, రంగు పోయినా వేలితో తడిమి చదవగలగాలి. లేజరు గీత పైపైనే ఉంటుంది. రెండు పేర్లున్నవాళ్ళకు రెండూ వేయించండి. తేదీ ఖాయం కాకపోతే సంవత్సరం చాలు. అదీ తెలియకపోతే ఖాళీ వదిలేయండి, ఊహించి వేసిన తేదీని మీ మనవలు నిజమని నమ్ముతారు.

పని అయ్యాక పటం చేతిలో మిగులుతుంది. అందులో మీ వాళ్ళవే కాక తోటలో మీరు పేరు పట్టుకున్న సమాధులన్నీ ఉంటాయి. మూడు ప్రతులు చేయండి: ఒకటి ఇంట్లో, ఒకటి పంచాయతీలో, ఒకటి చర్చిలో. చర్చి ప్రతిని విడి కాగితంగా ఇవ్వకండి, భూస్థాపన రిజిస్టరు అట్ట లోపలి వైపు అంటించమని అడగండి. విడి కాగితం అయ్యగారు బదిలీ అయినప్పుడు పోతుంది, రిజిస్టరు ఒకరి చేతి నుంచి ఒకరికి సంతకం మీద మారుతుంది.